తగ్గని తూకం

వన్నూరమ్మ వంతు వచ్చేసరికి వరుసలో మాటలు ఆగిపోయాయి.

గుంతకల్లు పాత మార్కెట్ వీధిలోకి ప్రతి సోమవారం పొద్దున దేహమాపకం బండి వస్తుంది. దాని పలక మీద నిలబడి, రెండు పిడులూ పట్టుకుని, కాసేపు ఊపిరి పీల్చి వదిలితే చాలు. మనిషి జన్యు తరగతి ఏమిటో, పోయిన వారం కంటే బరువు పెరిగిందో తగ్గిందో, రోజుకు ఎన్ని నాచుముద్దలు అందుతాయో, అన్నీ వీధి వీధంతా వినబడేలా తియ్యటి గొంతుతో చెబుతుంది. ఒకరి గుట్టు నలుగురిలో విప్పకూడదన్న ఇంగితం తప్ప దానికి తక్కినవన్నీ నేర్పారు.

ముందు ఆమె కొడుకు మారుతేశ్ ఎక్కాడు. పెళ్ళీడుకొచ్చిన పిల్లవాడు, చొక్కా లోపల మనిషి ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు.

"తాళం తరగతి. బరువు తగ్గింది. రోజుకు రెండు ముద్దలు," అంది యంత్రం.

అతను పిడి పట్టుకునే కిందికి దిగాడు. వన్నూరమ్మ కొంగు తల మీదికి లాక్కుని ఎక్కింది. గుండ్రటి ముఖం, నిండైన చేతులు, మందపాటి పాదాలు.

"తాళం లేని తరగతి. బరువులో మార్పు లేదు. రోజుకు ఒక ముద్ద."

పోయిన సోమవారమూ ఇదే మాట. అంతకు ముందూ ఇదే. వెనక నిలబడిన సుంకమ్మ నెల కిందటే కూతుర్ని పోగొట్టుకుంది. ఆమె గట్టిగానూ అనలేదు, మెల్లగానూ అనలేదు.

"యాడ తగ్గుతాది లే. కొందరిండ్లల్లో కొడుకుల్ని కరిగించుకోని తాగుతాండారు."

ఎవరూ ఆమెను వారించలేదు. మారుతేశ్ తల్లి వంక ఒకసారి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆ చూపు తిప్పుకోవడం వన్నూరమ్మకు సుంకమ్మ మాట కంటే లోతుగా దిగింది.

తాళం అంటే ఏమిటో ఇప్పుడు పసిపిల్లలకు కూడా తెలుసు. అది వచ్చిన కొత్తలో జనం దాన్ని ఎంత అబ్బురంగా చెప్పుకున్నారో గుర్తున్నవాళ్ళు మాత్రం తక్కువ. ఈ సీమలో వాన ఏనాడూ మాట నిలబెట్టుకోలేదు. తిన్న గింజలో నాలుగో వంతు ఒంట్లో దాచుకోగల మనుషులు తాతల నాటి ధాత కరువు లాంటి కరువుల్ని దాటారు, దాచుకోలేనివాళ్ళు దారుల పక్కన రాలిపోయారు. అలా దాటినవాళ్ళ బిడ్డల బిడ్డలకు ఆ దాచే గుణం రక్తంలోనే వచ్చింది. శాస్త్రవేత్తలు వాటికి పొదుపు జన్యువులని పేరు పెట్టారు. తిండికి లోటు లేని రోజులు వచ్చాక ఆ జన్యువులకు కబురు చెప్పేవాళ్ళు లేకపోయారు. అవి రేపటి కరువు కోసం దాస్తూనే పోయాయి. కరువు రాలేదు, చక్కెర జబ్బు వచ్చింది. వన్నూరమ్మ తల్లికి మొదట వేలు తీశారు, తర్వాత పాదం తీశారు, చివరికి మోకాలి దాకా తీసి ఇంటికి పంపారు.

అందుకే కొవ్వు చేరనివ్వని ఈ మేదతాళం వచ్చినప్పుడు వన్నూరమ్మ వెనకాముందూ చూడలేదు. పురిటి మంచం మీదే బిడ్డ తొడకు ఒక సూది. ఆ సూదితో పొదుపు జన్యువులు నోరు మూసుకుంటాయి. ఆ బిడ్డ ఎంత తిన్నా లావెక్కడు, ఒంట్లో చక్కెర నిలవదు, మిగిలిందంతా వేడిగా బయటికి పోతుంది. పెద్దవాళ్ళ ఒంటికి ఆ సూది పనిచేయదు. తనకు లేకపోయినా బిడ్డకు దొరికిందని ఆమె వీధంతా మైసూర్‌పాకు పంచిపెట్టింది. పంచుతున్నప్పుడు కూడా, "నువ్వు తినొద్దు మే, నీకు సూది లేదు," అని నవ్వినవాళ్ళున్నారు.

వేసిన తాళం తీసే సూది ఉందా అని ఆ రోజుల్లో ఒక్కరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. తీయవలసిన అవసరం వస్తుందని ఏ బుద్ధిమంతుడికి తోస్తుంది?

ఆ తర్వాత ఎండలు ముదిరాయి. డెల్టా పొలాలు ఉప్పుబారాయి. పొలాలు పోతే పోనీ అని తిండికి నాచు పెంచే తొట్లు కట్టుకున్నారు, ఆ నాచుకీ తెగులు పట్టింది. ఇప్పుడు జిల్లా మొత్తానికి ఆధారం పోషణ మండలి పంచే నాచుముద్దలే. అరచేతిలో పట్టేంత ముద్ద, బూడిద రంగు, తడి మట్టి వాసన. తాళం లేనివాళ్ళ ఒళ్ళు అంత తక్కువలోనూ సర్దుకుంటుంది, నెమ్మదిస్తుంది, ఉన్నదాన్ని పట్టుకుని కూర్చుంటుంది. తాళం పడిన ఒంటికి సర్దుకోవడమే తెలియదు. దాచిన కొవ్వు లేదు గనుక పూట తప్పితే కండను కరిగించుకుంటుంది. అందుకని మండలి తాళం ఉన్నవారికి రెండు, లేనివారికి ఒకటి అని నిర్ణయించింది. అందులో తప్పు పట్టడానికి లేదు, బాగా ఆలోచించి చేసిన ఏర్పాటే.

ఇంటికి వచ్చాక వన్నూరమ్మ ముద్దల్ని వేణ్ణీళ్ళలో మెదిపి, చింతాకు వేసి, సంగటిలా కెలికింది. కొడుకు పళ్ళెంలో రెండు ముద్దలకు బదులు రెండున్నర వేసింది. కెలికేశాక కొలత ఎవరికి తెలుస్తుంది? పళ్ళెం అతని ముందు పెట్టి, పక్కన నీళ్ళ చెంబు పెట్టింది.

"నువ్వు తిన్యావా మా?" అన్నాడు మారుతేశ్.

"ముందే తిన్యా నాయనా. నువ్వు తిను."

"నా ఎదురుగా తినొచ్చు గదా ఒగసారి."

"ఇప్పుడు కొత్తగా ఏంది? ఏనాడన్నా తిన్యానా?"

అది నిజమే. ఆమె తింటుండగా చూసినవాళ్ళు లేరు. చిన్నప్పుడు లావుగా ఉండేది. పెళ్ళిపంక్తిలో రెండోసారి వడ్డించుకుంటే, "ఇంకా తింటాండావా మే," అని ఎవరో ఒకరు అనేవాళ్ళు. తల్లి ఆమెను వంటింట్లో తలుపు వారగా కూర్చోబెట్టి తినిపించేది. అత్తవారింట్లో ఆడవాళ్ళు అందరి తర్వాతే తినాలి గనుక ఆ అలవాటుకు మర్యాద కూడా తోడైంది. భర్త బతికున్నన్నాళ్ళూ ఆయన సైతం ఆమె కంచం చూడలేదు. ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడకుండా తిన్న మనిషి, ఇప్పుడు ఎవరి కంటా పడకుండా తినడం మానేసింది.

కొడుకుతో చెబితే పోయేదే అనవచ్చు. మారుతేశ్ బడికి పోయే రోజుల్లో ఒక శనివారం ఆమె కసాపురం ఆంజనేయుడికి ఒక్కపొద్దు ఉంది. అమ్మ తినలేదని తెలిసి వాడూ తినలేదు. మధ్యాహ్నానికి కళ్ళు తేలేశాడు. ఆస్పత్రిలో వాడి పక్కన కూర్చుని, ఇక జన్మలో వీడికి నేను తినలేదని తెలియనివ్వను అనుకుంది. అప్పటి నుంచి ఆమె నోట ఒకటే మాట, ముందే తిన్యా అని.

అతను తిని లేచాక వంటింట్లోకి పోయి తన సగం ముద్ద తిన్నది. చేతులు చల్లగా ఉన్నాయి. ఈ మధ్య ఎండలో నిలబడినా చల్లగానే ఉంటున్నాయి. తల దువ్వితే జుట్టు కుచ్చులుగా వస్తోంది, అందుకే ఆ కొంగు. ఇంత కడుపు కట్టుకున్నా కాళ్ళు మాత్రం తగ్గడం లేదు, పైగా ఉబ్బుతున్నాయి. తన ఒంటి మీద తనకే అసహ్యం వేసింది. బిడ్డ ఎండిపోతుంటే సిగ్గు లేకుండా నిండుగా కూర్చున్న ఒళ్ళు, దీన్ని ఏం చేసుకోవాలి?

ఆ వారంలోనే మండలి నుంచి పరిశీలకురాలు వచ్చింది. పేరు శర్వాణి. ఆమెదీ తాళం తరగతే, మెట్లెక్కి వచ్చి ఆయాసం తీరేదాకా మాట్లాడలేకపోయింది. మంచి పిల్ల. చాప మీద కూర్చోమంటే కూర్చుంది.

"అమ్మా, ఈ ఇంటికి రోజుకు మూడు ముద్దలు వస్తున్నాయి. మా పట్టిక ప్రకారం రెండు తిన్న మనిషి ఇలా తగ్గిపోడు. ఒకటి తిన్నవాళ్ళు ఎంతో కొంత తగ్గకుండా ఉండరు. మీ ఇంట్లో రెండూ తలకిందులుగా ఉన్నాయి. మిమ్మల్ని అవమానించాలని రాలేదు. ఇలాంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయి."

వన్నూరమ్మ కొంగు తల మీదికి ఇంకాస్త లాక్కుంది.

"ఇలాంటి చోట అబ్బాయిని రక్షణశాలకు మార్చమని నియమం. ఎవరి ముద్ద వాళ్ళే తింటారు, మా కళ్ళ ముందే."

స్టేషన్ వెనక పాత ఇంజన్ల షెడ్డును రక్షణశాల చేశారు. అక్కడ మూడు ముద్దలు పెడతారట, పాలపొడి కూడా ఇస్తారట అని వీధిలో చెప్పుకుంటున్నారు. ఎవరు చెప్పారంటే ఎవరికీ తెలియదు. ఆకలి ఉన్న చోట ఇలాంటి మాటలు వాటంతట అవే పుడతాయి. వన్నూరమ్మ మనసు ఆ మూడో ముద్ద దగ్గరే ఆగిపోయింది.

"ఆడ బాగా పెడతారా తల్లీ?" అంది.

"ఏ లోటూ రానివ్వం అమ్మా," అంది శర్వాణి. ఆమె అన్నది పట్టికలో ఉన్న రెండు ముద్దల మాట. వన్నూరమ్మ విన్నది మూడు.

మారుతేశ్ గోడకు ఆనుకుని ఉన్నాడు. "మా, నిజం చెప్పు. నా దాంట్లో నుంచి తీస్తాండావా?"

లేదంటే ఎవరూ నమ్మరు, తూకం కళ్ళ ముందే ఉంది. నాదే నీకు పెడతాండా అంటే ఇకమీదట ముట్టడు, శాలకూ పోడు, ఇద్దరూ కలిసి ఇక్కడే ఆరిపోతారు. ఆమెకు మిగిలింది ఒకటే జవాబు.

"తీస్తాండా," అంది.

"దినామునా?"

"దినామునే."

అతను అరిచి ఉంటే బాగుండేది. నాలుగు తిట్టినా ఓర్చుకునేది.

"అడిగింటే ఇచ్చేవాణ్ణి గదా మా," అన్నాడు. శర్వాణితో పాటు మెట్లు దిగి వెళ్ళిపోయాడు. చెప్పుల జత కూడా మరిచిపోయాడు.

తర్వాతి రోజుల్లో వన్నూరమ్మ పొద్దున్నే శాల కంచె దగ్గరికి పోయి నిలబడేది. లోపల నీడలో మనుషులు గోడల వెంట కూర్చుని ఉండేవారు. మారుతేశ్ ఒక్కసారి కూడా బయటికి రాలేదు. పిలిస్తే కాపలావాడు లోపలికి పోయి, తిరిగి వచ్చి, "రానంటాండాడు మా," అని నేల చూపులు చూసేవాడు. ఆమె ఇప్పటికీ సగం ముద్దే తింటోంది. మిగతా సగాన్ని ఒడియాల్లా మిద్దె మెట్ల మీద ఎండబెట్టి, ఒక పాత తువ్వాలులో మూట కట్టి తెచ్చేది. బయటి తిండి లోపలికి పోనివ్వరు. ఆ మూట రోజూ కాస్త బరువెక్కి ఇంటికి వచ్చేది.

వీధిలో ఎవరూ పలకరించడం మానేశారు. దాని గురించి ఆమె పెద్దగా బాధపడలేదు. వాడు అక్కడ మూడు తింటున్నాడు, ఆ మాటొక్కటీ నిజమైతే చాలు, తనను ఏమైనా అనుకోనీ.

ఒక మధ్యాహ్నం శర్వాణి మళ్ళీ వచ్చింది. ఈసారి గడప దగ్గరే కూలబడింది.

"లోపల ఎవరూ ఎవరిదీ లాక్కోవడం లేదమ్మా. రెండు ముద్దలూ నా కళ్ళ ముందే తింటున్నారు. అయినా తగ్గిపోతున్నారు. ఇళ్ళల్లో ఉన్నప్పటి కంటే వేగంగా తగ్గిపోతున్నారు. మీవాడు మరీ. మీరు ఏం పెట్టేవారు ఇంట్లో?"

"రెండేనా పెట్టేది ఆడ?" అంది వన్నూరమ్మ.

"రెండే. ఉన్నవి అవే."

వన్నూరమ్మ గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. కూర్చునేటప్పుడు చీర కుచ్చిళ్ళు కాస్త పైకి జరిగాయి. శర్వాణి ఆ కాళ్ళ వంక చూసి, వంగి, ఆమె మోకాలి కింద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"ఇది కొవ్వు కాదమ్మా," అంది. "నీరు. తిండి లేక పట్టిన నీరు. మాపకం దీన్ని కూడా ఒళ్ళనే తూచింది." తలెత్తి మిద్దె మెట్ల మీద ఆరిన ముక్కల్ని చూసింది. "మీరు ఎంత తింటున్నారు?"

వన్నూరమ్మ కుచ్చిళ్ళు కాళ్ళ మీదికి లాక్కుంది. మేదతాళం కనిపెట్టినవాళ్ళు గాని, మాపకం చేసినవాళ్ళు గాని కరువులో మనిషి ఎలా ఉబ్బుతాడో చూసినవాళ్ళు కారు. కరువు మొదటి నెలల్లో, తాళం పడినవాళ్ళున్న ఇళ్ళను గమనించి, రెండు ముద్దలతో నిలబడుతున్నారని తేల్చి, ఆ పట్టిక రాశారు. ఆ ఇళ్ళల్లో వాళ్ళు తిన్నది రెండు కాదు, అంతకు మించి. వంటింటి తలుపు వెనక ఏం జరుగుతోందో ఏ యంత్రమూ తొంగి చూడలేదు.

"మా అమ్మ కూడా వంటింట్లోనే తింటుంది," అంది శర్వాణి.

"మావానికి చెప్పొద్దు తల్లీ."

"మిమ్మల్ని దొంగ అనుకుంటున్నాడు."

"అనుకోనీ. అట్ల అనుకుంటాండాడు కాబట్టే ఆ రెండన్నా తింటాండాడు."

శర్వాణి చెప్పనని మాట ఇచ్చింది, నిలబెట్టుకోలేకపోయింది. ఆమె తప్పేమీ లేదు. పట్టిక తప్పని మండలికి చెప్పకపోతే షెడ్డు మొత్తం ఖాళీ అవుతుంది. చెప్పాలంటే ఎలా తెలిసిందో చెప్పాలి. మండలి పెద్దలు విన్నారు, ఒప్పుకున్నారు, పట్టిక తప్పేనన్నారు. మూడో ముద్ద మాత్రం ఎక్కడి నుంచి తెస్తారు? ఉన్న తొట్లలో ఉన్న నాచు అంతే. ఇవ్వడానికి ఏమీ లేకపోయినా, ఇళ్ళల్లో తల్లులు తమవి తినకుండా పెట్టారన్న మాట మాత్రం ఆ సాయంత్రానికే షెడ్డులో చివరి గోడ దాకా పాకింది.

మరుసటి రోజు పొద్దున కంచె దగ్గర చాలామంది ఆడవాళ్ళు ఉన్నారు. కొందరి ముఖాలు వన్నూరమ్మ ముఖం లాగే గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి. లోపల రాత్రి ముద్దలు ఎవరూ ముట్టలేదని కాపలావాడు చెప్పాడు. కాసేపటికి మారుతేశ్ వచ్చాడు. ఒకరి భుజం పట్టుకుని వచ్చి, కంచెకు అవతల మట్టిలో కూర్చున్నాడు. ఎండిన పెదాలు, లోపలికి పోయిన కళ్ళు. చేతిలో ముద్ద ఉంది.

వన్నూరమ్మ మూట విప్పి శర్వాణి వైపు చూసింది. శర్వాణి కాపలావాడి వైపు చూసింది. అతను పక్కకు తప్పుకున్నాడు. వన్నూరమ్మ తీగల సందులో నుంచి ముక్కలు లోపలికి చాచింది.

"ఇవి నీవే నాయనా. నీకని పెట్టినవే. ఇదో, తీసుకో."

మారుతేశ్ చెయ్యి చాపలేదు.

"నువ్వు తిను," అన్నాడు.

"ఇంటికి పోయి తింటా లే."

"ఈడ తిను. నేను చూడాల."

"అంతమందిలో ఏంది నాయనా..."

"నువ్వు తింటే నేను తింటా. లేకుంటే లేదు."

ఆమెకు లెక్కలు రావు గాని ఈ లెక్క తెలుసు. ఈ ముక్కలు అతని కడుపులో పడితే ఎంతో కొంత నిలబడతాడు. తన నోట్లో పడితే అతనికి మిగిలేవి ఆ రెండే, ఆ రెండూ చాలవని ఇప్పుడు అందరికీ తెలుసు. తను తినకపోతే అతను ఆ రెండూ ముట్టడు. బతిమాలింది. కోప్పడింది. తన మీద ఒట్టు పెట్టింది. అతను ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. శర్వాణి ముఖం పక్కకు తిప్పుకుంది.

చివరికి వన్నూరమ్మ నేల మీద కూర్చుని, ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నమిలి మింగింది.

అతను తన ముద్దలో కొంచెం తుంచి తిన్నాడు. అన్నాళ్ళ తర్వాత తల్లి ముఖంలోకి చూశాడు.

"ఎప్పుడూ సూళ్ళేదు మా, నువ్వు తింటాంటే," అన్నాడు.

ఆమె తల వంచుకుంది. ముద్ద పట్టుకున్న అతని చెయ్యి మళ్ళీ ఆగింది, ఎదురుచూస్తోంది. వన్నూరమ్మ మూటలో నుంచి ఇంకో ముక్క తీసుకుంది.